రాయచూరులో చదివిన పిల్ల

బిడ్డ మాలతికి, అమ్మ నిండు దీవెనలతో రాస్తున్న ఉత్తరం.

ముందు నీ చెయ్యి ఎలా ఉందో చెప్పు. హాస్టల్లో గంజి వంచుతుంటే మణికట్టు మీద ఒలికిందని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. బొబ్బ చితికిందా, మానిందా? తడి తగలనీయకు. నూటయాభై మంది ఆడపిల్లలకు వండేదానివి, తడి తగలకుండా ఎలా ఉంటావో నాకూ తెలియదు. అయినా తగలనీయకు. అల్లుడు తిరుపతికి నడుము నొప్పి తగ్గిందా? బండలు పరిచే పని చేసేవాడు నడుముకు బెల్టు పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు కదా. పెట్టుకుంటున్నాడా, బెల్టు మేకుకే వేలాడుతోందా? మీ అత్త యాదమ్మకు షుగరు ఎంత వచ్చింది? ఉగాది పచ్చడి వంకతో బెల్లమంతా ఆమే తిని ఉంటుంది, నాకు తెలుసు. ఆమెతో నేను అన్నానని అనకు. మనుమరాలు కీర్తనకు జ్వరం విడిచిందా? తొమ్మిదో తరగతి పిల్ల సైకిలు మీద పెద్ద రోడ్డు దాటి బడికి పోతుందని తలుచుకుంటే నాకు ఇక్కడ ముద్ద దిగదు. లారీ వస్తే దిగి నిలబడమని చెప్పు. రాకపోయినా దిగి నిలబడమను.

ఇక్కడ మేమందరం తిని తిరుగుతూనే ఉన్నాం. మీ అన్న కిష్టయ్య మిరప కల్లం దగ్గరే ఉంటున్నాడు, దగ్గు పట్టుకుంది. అది మిరప ఘాటు దగ్గేనంటాడు, నాకు మాత్రం భయంగానే ఉంది. నా చెవులు పోయిన నెల కంటే ఇంకొంచెం మందగించాయి. ఫోను పెట్టుకుంటే నీ గొంతు బావిలో నుంచి వచ్చినట్టు వస్తుంది. “ఏందమ్మా, ఇనవడతలేదా?” అని నువ్వు అరిచేది ఒక్కటే తెలుస్తుంది, తక్కిన ముచ్చటంతా పోతుంది. అందుకే నాకు ఉత్తరమే నయం. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. మధ్యాహ్నం అందరూ చేనుకు పోయాక తీసి, వేలు పెట్టుకుంటూ మెల్లగా చదువుతాను. అప్పుడు నీ గొంతు బాగా వినబడుతుంది.

మేక ఈనిందా అని అడిగావు. రెండు పిల్లలు, ఒకటి నల్లది, ఒకటి మచ్చలది. కంట్లో చుక్కలు వేసుకుంటున్నావా అని అడిగావు. వేసుకుంటున్నాను, సగం చెంప మీదికి కారిపోతున్నాయి. పండగకు ఎందుకు రాలేదని నేను అడిగితే, హాస్టల్లో సెలవు ఇవ్వలేదని రాశావు. సరే. వాకిట్లో బండి ఆగిన ప్రతిసారీ లేచి చూశానని మాత్రం రాస్తున్నాను. నిన్ను నొప్పించాలని కాదు. చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఇక నీ ఉత్తరం చివర రాసిన సంగతికి వస్తాను.

“అమ్మా, నేను ఈసారి ఓపెన్ టెన్త్ పరీక్ష రాయను. అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటే రెండుసార్లు పోయింది. గ్రామర్ల ఒకే మాటను ఒకచోట పేరు అంటరు, ఇంకోచోట పని అంటరు. నన్ను ఇక్కడ అందరూ కుక్ అనే పిలుస్తరు. అది నా పేరే అనుకుని మొన్న ప్రాక్టీసు పేపర్ల రెండుచోట్లా పేరని రాసిన. ఒకచోట తప్పని కొట్టేసిండ్రు. హాస్టల్ పిల్లలు చూసి నవ్విండ్రు. ముప్పై నాలుగేండ్ల దానికి ఇదంతా ఎందుకమ్మా.”

ఇంతవరకు చదివి, పిల్ల అలిసిపోయింది, నాలుగు రోజులైతే సర్దుకుంటుంది అనుకున్నాను. ఆ కింద ఇంకో లైను రాశావు. “నాలో చదువే ఉంటే ఆనాడు బడి మానినప్పుడు స్టీఫెన్ సారు ఒక్కసారన్నా మనింటికి వచ్చి అడిగేటోడు గద.”

ఆ లైను దగ్గర నా వేలు ఆగిపోయింది. దాని సంగతి ఈ ఉత్తరంలోనే రాస్తాను. తప్పించుకోను. ముందు నీ ఇంగ్లీషు సంగతి రాయనీ.

మొదట మీ వదినను అడిగాను. ఆమె ఇంటర్ చదివింది కదా. “గీ వయసుల నీకు ఇంగ్లీషెందుకత్తా, కలెక్టరైతవా?” అని నవ్వింది. నీ కోసమని చెప్పాక నవ్వు ఆపి, “నాకూ సక్కగ తెల్వదత్తా. నేను బట్టీ కొట్టి పాసైన,” అంది. పాపం, ఉన్న మాట చెప్పింది. అప్పుడు మీ అన్న అన్నాడు, స్టీఫెన్ సారు రిటైరై అయిజలోనే ఇల్లు కట్టుకున్నాడని, మార్కెట్ యార్డు వెనక అడిగితే ఎవరైనా చూపిస్తారని.

ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు ఒంట్లో బాగాలేదు. ఒంట్లో కాదు, మనసులో. మూడో రోజు నీ ఉత్తరం కొంగులో కట్టుకుని ఆటో ఎక్కాను.

సారు వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. జుట్టంతా తెల్లబడింది, మోకాలికి పట్టీ ఉంది. కానీ గొంతు ఇప్పటికీ బడి గొంతే. ఒక్క మాట కూడా నా చెవి దాటిపోలేదు.

“ఎవరమ్మా?” అన్నారు.

“నేను సారూ, జోగులమ్మను. ఏడో తరగతి మాలతి తల్లిని.”

ఆయన మొహం ఎలా అయిందో నీకు ఎలా రాయాలో తెలియడం లేదు బిడ్డా. పేపరు కింద పడేసి లేచారు. “ఏమే, ఎవరొచ్చిండ్రో సూడు! మన రాయచూరు పిల్ల తల్లి!” అని లోపలికి కేక వేశారు. సారు భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, “గా పిల్లనా! రాయచూరుకు పోయి సదివిన పిల్ల! మీ బిడ్డ ముచ్చట ఈయన ఏటేటా పిల్లలకు చెప్తుండెనమ్మా,” అని నాకు కుర్చీ వేసింది.

“ఎట్లుంది మాలతి? రాయచూరుల ఎంతదాక సదివింది? డిగ్రీ జేసిందా?” అని సారు అడిగారు.

రాయచూరు ఏమిటని నీకు అయోమయంగా ఉంటుంది. నువ్వు రాయచూరులో చదవలేదు. రాయచూరే చూడలేదు. కొంచెం ఆగు తల్లీ, వస్తున్నాను.

నేను కొంగు ముడి విప్పి, “ముందు గీ ముచ్చట చెప్పుండ్రి సారూ. ఒక్క ఇంగ్లీషు మాట ఇన్ని పనులు ఎట్ల జేస్తది?” అని నీ ఉత్తరంలో నుంచి చూసి అడిగాను. ఎవరి కోసమో చెప్పలేదు. మనుమరాలి కోసం అనుకున్నట్టున్నారు.

సారు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు.

“ఫోను అంటే ఏంది జోగులమ్మా?”

“వస్తువు సారూ.”

“మరి నీ బిడ్డతోని మాట్లాడాలంటే మీ కిష్టయ్యకు ఏమని చెప్తవు?”

“ఫోన్ చెయ్యి అంట.”

“సూసినవా? పని అనేతందుకు మనం ‘చెయ్యి’ అని ఒక తోక తగిలిస్తం. ఇంగ్లీషోళ్ళు తోక తగిలియ్యరు. ఉన్న మాటనే ఎత్తుకపోయి పనుండే జాగల కూసోవెడతరు. వాటర్ అంటే నీళ్ళు. వాటర్ ద ప్లాంట్స్ అంటే చెట్లకు నీళ్ళు పొయ్యమని. వాటర్ ట్యాంక్ అంటే ఎసోంటి ట్యాంకో చెప్పుడు. మూడుచోట్ల ఒక్కటే మాట. మాటను సూస్తే తెల్వది. దాని ముందేముంది, ఎనక ఏముంది, గది సూడాలె.”

నాకు టక్కున విత్తనాల కోసం పెట్టే మన సీడు పత్తి చేను గుర్తొచ్చింది. “సీడు పత్తిల గట్లనే గద సారూ. మగ చెట్టూ ఆడ చెట్టూ ఒక్క తీరుగనే కనవడతయి. ఏ సాలుల నిలవడ్డదో సూస్తెనే దానితోని ఏం పనో తెలుస్తది,” అన్నాను.

సారు ఎంత నవ్వారో! “ముప్పై ఆరేండ్లు సదువు చెప్పిన. గీ మాట నాకు ఒక్కనాడన్న తట్టలె,” అన్నారు.

నీ కుక్ సంగతి కూడా అడిగాను. ఐ యామ్ ఎ కుక్ అన్నప్పుడు కుక్ ముందర ‘ఎ’ అని ఉంది కదా, అలా ఉంటే అది పేరట. ఐ కుక్ రైస్ అన్నప్పుడు ముందు నువ్వున్నావు, వెనక అన్నం ఉంది. నడుమ ఉన్నది నువ్వు చేసే పనట. నువ్వు రెండుచోట్లా పేరని రాశావు. అంటే ఒకటి సరిగ్గానే రాశావు కదా బిడ్డా. ఒకటి ఒప్పు రాసినదాన్ని పట్టుకుని ఆ పిల్లలు ఎందుకు నవ్వాలి?

చెప్పడం అయ్యాక సారు అడిగారు. “ఇంతకూ గిది ఎవరికి? మనుమరాలికా?”

“మాలతికే సారూ. ఓపెన్ టెన్త్ రాస్తుంది.”

“మాలతికి టెన్తా? రాయచూరుల సదివిన పిల్లకు ఇప్పుడు టెన్తేంది?”

సారు భార్య చాయ్ తెచ్చి నా చేతికి ఇచ్చింది. తాగకుండానే కప్పు కింద పెట్టేశాను. అప్పుడు ఆ వాకిట్లో ఏం చెప్పానో అదే నీకు కూడా రాస్తున్నాను. ఇక్కడి నుంచి కూర్చుని చదువు. పొయ్యి మీద ఏమీ పెట్టి చదవకు.

నువ్వు ఏడో తరగతిలో ఉన్న సంవత్సరం మనం మొదటిసారి సీడు పత్తి పెట్టాం. నీకు గుర్తుండే ఉంటుంది. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. అరవై రోజులు, ఒక్క పూట తప్పినా ఆ పూట మొగ్గలు పోయినట్టే. నీ వేళ్ళు సన్నవి. నేను రెండు మొగ్గలు ఒలిచేలోపు నువ్వు నాలుగు ఒలిచేదానివి. ఈ రెండు నెలలు చేనుకు రా, తర్వాత బడికి పో అన్నాను. మొగ్గ ఆగదు, బడి ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ఊళ్ళో అందరూ అలాగే అనుకున్నారు, అందరి ఆడపిల్లలూ చేలల్లోనే ఉన్నారు. ఇంతవరకు నీకు తెలుసు.

నీకు తెలియనిది ఇది. స్టీఫెన్ సారు మన ఇంటికి వచ్చారు. ఒక్కసారి కాదు, మూడుసార్లు.

మొదటిసారి వినాయక చవితి దాటిన వారం వచ్చారు. నేను చద్ది కట్టుకుని చేనుకు బయలుదేరుతున్నాను. “జోగులమ్మా, పిల్ల ఏది? గసోంటి పిల్లను ఇంట్ల కూసోవెట్టొద్దు. ఏడో తరగతిల పెద్ద పరీక్ష ఉంది,” అన్నారు. “దానికే మనసు లేదు సారూ. బడి అంటేనే ఏడుస్తుంది,” అని చెప్పాను. నువ్వు ఆ పొద్దున అప్పటికే చేనులో మగ పువ్వు రుద్దుతూ పద్యం చెప్పుకుంటున్నావు.

రెండోసారి దసరాకు ముందు వచ్చారు. “జర పిల్లతోని ఒక్కసారి నన్ను మాట్లాడనియ్యి,” అని అరుగు మీద కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. నువ్వు ఇంటి వెనకే స్నానం చేస్తున్నావు. ఊళ్ళో లేదని చెప్పాను. ఆయన పోతుంటే మీ నాన్న ఎదురుపడి, సారు ఎందుకు వచ్చాడని నన్ను అడిగాడు. ఓట్ల లిస్టు రాసుకోవడానికి వచ్చాడన్నాను. మీ నాన్న నమ్మాడు. నిజం తెలిస్తే ఆయన నిన్ను ఆ నిమిషమే పంపేవాడు. అందుకే చెప్పలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, ఆయనకు కూడా ఇక చెప్పలేను.

మూడోసారి దీపావళి తర్వాత వచ్చారు. అప్పటికి మొగ్గలు ఒలిచే పని అయిపోయింది బిడ్డా. కావాలంటే నిన్ను పంపి ఉండొచ్చు. కానీ నువ్వు బడికి పోయి సారుతో మాట్లాడితే నా రెండు అబద్ధాలు బయటపడతాయి. అందుకు పంపలేదు. “మా చెల్లె రాయచూరుల ఉంటది సారూ, పిల్లను గాడికి తోలిచ్చిన, గాడనే బడిల ఏసిండ్రు,” అని చెప్పాను. ఆయన సంతోషపడ్డారు. “మంచి పని జేసినవు జోగులమ్మా,” అని నాకు దండం పెట్టి మరీ పోయారు. దీనికి పత్తిని అనడానికి లేదు, మీ నాన్నను అనడానికి లేదు. చేసింది నేను.

నువ్వు రోజూ సాయంత్రం అడిగేదానివి. “సారు నన్ను అడిగిండా అమ్మా?” అని. ఎవరూ అడగలేదని చెప్పేదాన్ని. ఒకనాడు నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగితే విసుగొచ్చి, “సారుకు నువ్వు యాదికి గూడ లేవు,” అన్నాను. ఆ రోజు నుంచి నువ్వు అడగడం మానేశావు. ఆ చలికాలమే నీ పాత పుస్తకాలు ముందేసుకుని నాకు అక్షరాలు నేర్పావు. నీకు బడి లేకుండా చేసిన నాకు పలక మీద చెయ్యి పట్టి దిద్దించావు. ఇప్పుడు ఇది రాస్తున్నవి ఆ అక్షరాలే. అప్పుడే చెప్పాల్సింది. నీ పెళ్ళప్పుడు చెప్పాలనుకున్నాను. కీర్తన పుట్టినప్పుడు చెప్పాలనుకున్నాను. నువ్వు నన్ను చూడ్డానికి రావడం మానేస్తావేమోనని ఆగిపోయాను. నువ్వు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ, ఈసారీ చెప్పలేదే అనుకుంటూ బస్సు కనబడినంతసేపు నిలబడేదాన్ని.

సారు అంతా విన్నారు. తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. “రాయచూరు ఎంత దూరం జోగులమ్మా? పొద్దుగాల బస్సెక్కితే పగటాల్లకు తిరిగి రావొచ్చు. ఒక్కసారి పోయి ఆ పిల్ల ఏ బడిల ఉందో సూసి రావల్సింది. నేనూ పోలె,” అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. సారు భార్య మాత్రం నా వైపు చూడకుండా కప్పులు తీసుకుని లోపలికి పోయింది. ఆమెను తప్పు పట్టను.

“మీరే చెప్పుండ్రి సారూ, నా నోరు రాదు,” అన్నాను. “నేను చెప్పను. నువ్వే రాయి. రాసినంకనే నేను ఆ పిల్ల దగ్గరికి వస్త,” అన్నారు. మోకాలు పట్టుకుని నువ్వుండే నాగర్‌కర్నూల్ దాకా ఎలా పోతావని లోపలి నుంచి భార్య అరిచింది. వచ్చేది ఆదివారం, ప్రార్థన ఉంటుంది కదా అని కూడా గుర్తు చేసింది. “దేవుడు ఒక్క ఐతారం ఆగుతడు. పరీక్ష ఆగది,” అన్నారు సారు. గద్వాల నుంచి వనపర్తి మీదుగా వచ్చే బస్సు ఉందట. నా ఆధార్ కార్డు పెట్టుకున్నాను, ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, నాకు టికెట్ ఉండదు. మంగళవారం నీ ఇంగ్లీషు పరీక్ష. ముందు ఆదివారమే వస్తే రెండు పూటలు కూర్చోబెట్టి చెబుతానన్నారు.

మాలతీ, నీలో చదువు లేక కాదు తల్లీ ఎవరూ అడగనిది. అడిగారు. మూడుసార్లు అడిగారు. రిటైరయ్యేదాకా ప్రతి తరగతికీ నీ గురించి చెప్పారు. ఆ సంగతి నీ దాకా రాకుండా గడపలో అడ్డం నిలబడ్డది నేను.

నన్ను క్షమించమని రాయను. అలా అడిగితే నువ్వు వెంటనే సరేనంటావు, నీ గుణం నాకు తెలుసు. సరేననకు. కోపం వస్తే రానీ. నన్ను చూడాలని లేకపోతే హాస్టల్ దాకా రాను, బస్టాండులో నీడ చూసుకుని కూర్చుంటాను. సారును నీ దగ్గరికి ఆటో ఎక్కించి పంపుతాను. చద్ది కట్టుకునే వస్తాను, నా అన్నం గురించి నువ్వు ఆలోచించకు. చెయ్యి మానకపోతే కట్టు కట్టించుకో, కలం పట్టుకోవాలి కదా. పరీక్ష మాత్రం రాయి బిడ్డా.

ఇట్లు,
ఏప్రిల్ పందొమ్మిదో తారీఖు ఆదివారం పొద్దున పదకొండు గంటలకు స్టీఫెన్ సారుతో కలిసి నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగే
మీ అమ్మ,
జోగులమ్మ